రాడార్ ఉపగ్రహం బొమ్మలో మా చేను మునగనట్టు ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి

విభాగం: వ్యవసాయం, నీళ్లు, వాతావరణం

మెరకచేను
సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, సముద్రానికి పన్నెండు కిలోమీటర్ల లోపు ఉన్న ఊరు. సొంతం ఎకరం అరవై సెంట్లు, కౌలుకి చేసేది ఇంకో రెండెకరాలు. సార్వా (వానాకాలం) చేను పాలుపోసుకునే దశలో ఉండగా మొన్న ఆదివారం రాత్రి తుఫాను మీద పడింది. గాలికి ఈశాన్యం మూల ముప్పై సెంట్ల దాకా పడిపోయింది. మిగతాది నిలబడే ఉంది గానీ మొదళ్లలో మోకాలి లోతు నీళ్లు. ఇవాళ్టికి ఎనిమిదో రోజు, ఇంకా పిక్కల దాకా ఉన్నాయి.

శుక్రవారం నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ల చేతిలో ఒక మ్యాపు ఉందండి. ఉపగ్రహం తీసిందట. ముంపు ఉన్నచోట నీలం రంగు. పడిపోయిన మూల ఒక్కటే నీలంగా ఉంది, మిగతా చేనంతా తెల్లగా వదిలేశారు. "ఇందులో మీ చేను మునగలేదండీ" అన్నారు. ఆ మాట నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి విన్నాను. 33 శాతం నష్టం దాటితేనే ప్రభుత్వం ఇచ్చే పంట నష్టం సాయానికి (ఇన్‌పుట్ సబ్సిడీ) రాస్తారు కదండీ, ఆ మూల ఒక్కటీ లెక్కేస్తే దాటదు.

రెండు సంగతులు అడుగుతున్నాను. నాలుగు రోజులు సూర్యుడు కనపడలేదు, అంత మబ్బులోంచి అది ఎలా చూసింది? చూసిందే అనుకుందాం, నా కాళ్ల కింద ఉన్న నీళ్లు దానికి ఎందుకు కనపడలేదు?

---

అలపొడుగు
సోమవారం, రాత్రి 10:40

మెరకచేను గారూ, నేను విశాఖలో రిమోట్ సెన్సింగ్ చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో రాడార్ చిత్రాల మీదే పని చేస్తున్నాను. మా అమ్మగారిది రాజోలు వైపు, అందుకని మీ పోస్టు చదివాక ఊరుకోలేకపోయాను. కాస్త పొడుగ్గా రాస్తాను.

మామూలు ఉపగ్రహం కెమెరాలాంటిది. సూర్యుడి వెలుగు నేల మీద పడి పైకి వెళ్తేనే దానికి బొమ్మ. మధ్యలో మబ్బు ఉంటే మబ్బునే తీస్తుంది. రాడార్ ఉపగ్రహం తన వెలుగు తనే తెచ్చుకుంటుంది. మైక్రోవేవ్ తరంగాన్ని కిందికి ఏటవాలుగా పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. యూరప్ వాళ్ల సెంటినెల్-1 తరంగం పొడవు దాదాపు 5.6 సెంటీమీటర్లు. మబ్బులో నీటి తుంపర దాని ముందు ఎంత, దాన్ని ఆపలేదు. పగలూ రాత్రీ కూడా దానికి ఒకటే. అందుకే తుఫాన్లకీ వరదలకీ రాడారే దిక్కు.

నీళ్లని అది ఎలా గుర్తుపడుతుందో చెప్తాను. వాన వెలిసిన రాత్రి బండి మీద వస్తుంటే తడి రోడ్డు మీద మన లైటు పడ్డా రోడ్డు కనపడదు చూడండి. వెలుగు అద్దం మీద పడినట్టు ముందుకి జారిపోతుంది, మన కంటికి తిరిగి రాదు. కదలని నీళ్ల మీద రాడార్‌కి జరిగేది అదే. పంపిన తరంగం అవతలికి జారిపోతుంది, ఉపగ్రహానికి ఏమీ రాదు, బొమ్మలో అక్కడ నల్లగా ఉంటుంది. పొడి నేల, చెట్లు, పైరు తరంగాన్ని అన్ని వైపులకీ చిమ్ముతాయి, కొంత వెనక్కి వస్తుంది, బూడిద రంగులో ఉంటాయి. మ్యాపు చేసే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒక గీత గీస్తుంది. ఇంతకంటే నల్లగా ఉంటే నీళ్లు, లేకపోతే కాదు.

ఇప్పుడు మీ చేను సంగతి. పడిపోయిన మూల పైరు నీళ్ల కిందికి వెళ్లిపోయింది, పైన నీళ్లే మిగిలాయి, నల్లగా వచ్చింది, నీలం రంగు వేశారు. మిగతా చేలో పైరు నిలబడి ఉంది, కింద నీళ్లు. అక్కడ తరంగం ముందు నీళ్ల మీద పడి, అక్కణ్ణుంచి జారి వరి దుబ్బు కాడకి కొట్టుకుని, మళ్లీ వచ్చిన దారిలోనే ఉపగ్రహానికి వెళ్తుంది. గోడ మూలలోకి బంతి విసిరితే మన వైపే తిరిగొచ్చినట్టు. అంటే అక్కడ నల్లగా కాదు, ఇంకా తెల్లగా వస్తుంది. నల్లదనం ఒక్కటే వెతికే లెక్కకి మీ చేను పొడిగా ఉన్నట్టే.

మీ మ్యాపు ఎవరు, ఏ చిత్రంతో చేశారో నాకు తెలీదు. నేను చెప్పేది ఇలా జరగడానికి ఉన్న కారణం. రాడార్ తప్పు చూడలేదండి. అది చూసినదాన్ని చదివిన పద్ధతి మీ చేనుకి సరిపోలేదు.

---

దాళ్వా రైతు
మంగళవారం, ఉదయం 5:50

బాబూ అలపొడుగూ, తడి రోడ్డు ముక్క బాగా చెప్పావు, నాబోటి వాడికి కూడా అర్థమైంది.

నాకు డెబ్బై ఒకటి నిండాయి. 1986 ఆగస్టు వరద నా కళ్లతో చూశాను. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని తరవాత చెప్పారు. మాకు లెక్కలేం తెలుసు, ఏటిగట్టు మీద గేదెల పక్కన తొమ్మిది రాత్రులు పడుకున్నాం. అప్పుడు ఏ లంక మీద ఎంత నీరు ఉందో పడవ వేసుకుని వెళ్లి చూసినవాడు చెప్తేనే తెలిసేది. అప్పట్లో ఈ రాడార్లు లేవా?

---

అలపొడుగు
మంగళవారం, ఉదయం 8:05

దాళ్వా రైతు గారూ, 1986లో మన చేలని ఇంత వివరంగా చూసే పౌర రాడార్ ఉపగ్రహం లేదండి. అమెరికా వాళ్లు 1978లో సీశాట్ అని పంపారు, వంద రోజులు దాటగానే పాడైపోయింది. యూరప్ వాళ్ల ఈఆర్‌ఎస్-1 వచ్చింది 1991లో. మన దేశం సొంతంగా చేసిన రాడార్‌తో రీశాట్-1 శ్రీహరికోట నుంచి ఎగిరింది 2012 ఏప్రిల్ 26న. దాని స్థానంలో ఈఓఎస్-04 2022 ఫిబ్రవరి 14న వెళ్లింది. ఆ జూలైలోనే ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 1986లో పడవ వేసుకెళ్లి చూసినవాడి మాట తప్ప ఏమీ లేదు, 2022 నాటికి మబ్బు వీడకముందే లంకల బొమ్మ చేతిలో ఉంది. మీ ఒక్కరి అనుభవంలోనే ఈ తేడా అంతా జరిగింది.

---

చెరువుగట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1:22

మాది భీమవరం అవతల, రొయ్యల చెరువులు. నాది ఇంకో రకం సమస్యండి. అలాంటి మ్యాపు ఒకటి మా వాట్సాప్ గ్రూపులో తిరిగింది. అందులో మా చెరువులన్నీ నీలం. మా గట్లు తెగలేదు, సరుకు పోలేదు. మా చెరువులో నీళ్లు పన్నెండు నెలలూ ఉండేవే కదా. మునిగిన చేనుని మునగలేదంటున్నారు, మునగని చెరువుని మునిగిందంటున్నారు. ఇలాంటిదాన్ని పట్టుకుని డబ్బుల లెక్క ఎలా వేస్తారు?

---

అలపొడుగు
మంగళవారం, మధ్యాహ్నం 2:10

మీరు పట్టుకున్నది సరైన పాయింటు. అందుకే ఒక్క బొమ్మ చూసి ముంపు అనకూడదు. తుఫానుకి ముందు బొమ్మ, తరవాత బొమ్మ పక్కపక్కన పెట్టాలి. ముందూ నల్లగానే, తరవాతా నల్లగానే ఉంటే అది చెరువో, కాలవో, గోదారో. దాన్ని తీసేయాలి. ముందు బూడిదగా ఉండి తరవాత నల్లబడితే ముంపు. ముందు బూడిదగా ఉండి తరవాత బాగా తెల్లబడితే, అక్కడ నిలువు పైరు ఉందని తెలిస్తే, అదీ ముంపే. ఈ మూడోదాన్నే చాలాసార్లు వదిలేస్తారు.

చెరువులు బొమ్మలో ఎంత స్పష్టంగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యపోతారు. నల్లటి గడులు, చుట్టూ గట్లు సన్నటి తెల్ల గీతలు. వరి చేను అలా కాదు, నెలనెలా రంగు మారుతుంది. ఊడుపులప్పుడు నీళ్లు కట్టిన చేను నల్లగా ఉంటుంది, పిలక వేసేకొద్దీ తెల్లబడుతూ పోతుంది, ఈనే వేళకి ఆ పెరుగుదల ఆగుతుంది. ఒక ఏడాది బొమ్మలు వరసగా చూస్తే ఏది వరి, ఏది చెరువు, ఎవరు ఏ వారంలో ఊడ్చారో కూడా చెప్పొచ్చు.

---

కాకినాడ విద్యార్థిని
మంగళవారం, రాత్రి 11:35

నమస్తే అండి. నేను బీటెక్ మూడో సంవత్సరం, సివిల్. సెంటినెల్-1 బొమ్మలు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చని మా క్లాసులో చెప్పారు. మెరకచేను అన్నయ్య గారూ, మీ చేను ఎక్కడో నాకు విడిగా మెసేజ్ పెడితే నేను ప్రయత్నిస్తాను. ఇక్కడ బయట పెట్టకండి.

---

వేదిక నిర్వహణ
బుధవారం, ఉదయం 7:00

సర్వే నంబర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయొద్దని అందరికీ మనవి. ఊరు పేరు కూడా అవసరం లేదు.

---

మడచెట్టు
బుధవారం, ఉదయం 10:18

వరి చేల మధ్యలోకి వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మేము కోరంగి పక్క వేటకి వెళ్లేవాళ్లం. మడ అడవి ఎక్కడ తగ్గిందో, ఎక్కడ కొత్తగా లేచిందో కూడా ఇది చెప్తుందా? మా తాతల నాడు పడవ తిరిగిన పాయలో ఇప్పుడు మడ మొలిచింది. ఇంకోచోట ఒడ్డు కోసుకుపోయి వేర్లు గాలికి తేలాయి. చూస్తే బాధేస్తుంది.

---

అలపొడుగు
బుధవారం, సాయంత్రం 6:31

మడచెట్టు గారూ, బాగా అడిగారు. కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. అందులో కాలు పెట్టి కొలవడం ఎంత కష్టమో మీకంటే ఎవరికి తెలుసు. ఇక్కడ తరంగం పొడవు పనికొస్తుంది. 5.6 సెంటీమీటర్ల తరంగం మడ ఆకుల గుబురు దగ్గరే ఆగిపోతుంది. 24 సెంటీమీటర్ల తరంగం, ఎల్-బ్యాండ్ అంటారు, ఆకుల్లోంచి లోపలికి దిగి మానుకీ కింద నీటికీ తగిలి తిరిగొస్తుంది. అంటే ఆకుల కింద పోటు నీరు ఉందా లేదా కూడా తెలుస్తుంది.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద వెళ్లిన నిసార్ ఉపగ్రహం అలాంటిదే. ఇస్రో, నాసా కలిసి చేశాయి. ఎల్-బ్యాండ్ నాసాది, ఎస్-బ్యాండ్ మన ఇస్రోది, ఒకే ఉపగ్రహంలో రెండు రాడార్లు. దాని యాంటెన్నా గొడుగులా విచ్చుకుంటుంది, అడ్డం 12 మీటర్లు. మన కొబ్బరి తోటలకి కూడా అదే కావాలి. తోట అడుగున నీళ్లు నిలిచాయా అంటే సి-బ్యాండ్, అంటే ఆ 5.6 సెంటీమీటర్ల తరంగం, కొబ్బరి మట్టల దగ్గరే ఆగిపోతుంది.

ఒడ్డు కోత చూసేటప్పుడు ఒక జాగ్రత్త. పోటు మీద తీసిన బొమ్మనీ పాటు మీద తీసిన బొమ్మనీ పక్కన పెడితే, కోత లేకపోయినా ఒడ్డు వెనక్కి పోయినట్టు కనపడుతుంది. బురద నేల చదును కదా, అడుగు నీటికే ఎంతో దూరం మునుగుతుంది. పోటు పాటు వేళలు కలిసే బొమ్మల్నే పోల్చాలి. ఆ వేళలు మీకు నోటికొస్తాయి, మాకు పట్టిక చూస్తే గానీ తెలీదు.

---

మడచెట్టు
బుధవారం, రాత్రి 8:02

తిథి చెప్తే పోటు వేళ చెప్తాను. ఎప్పుడు కావాలన్నా అడగండి.

---

ఏటిగట్టు
గురువారం, ఉదయం 9:47

ఒక అనుమానం. మా వైపు గ్యాస్ తీస్తున్నారు కాబట్టి భూమి కుంగుతోందని, అందుకే ఉప్పు నీరు లోపలికి వస్తోందని ఊళ్లో అంటారు. ఇంకొందరు కాదంటారు. ఉపగ్రహం అది తేల్చగలదా? 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి సెంటీమీటర్లు కొలవడం నమ్మేలా లేదు.

---

అలపొడుగు
గురువారం, మధ్యాహ్నం 12:55

కొలవగలదండి. ఒకే చోటికి రెండు వేర్వేరు రోజుల్లో వెళ్లినప్పుడు, తిరిగొచ్చిన అల ఏ దశలో ఉందో పోలుస్తారు. అల ఎక్కువ దూరం నడిచిందంటే నేల దిగినట్టు. 5.6 సెంటీమీటర్ల అలతో నేల 2.8 సెంటీమీటర్లు జరిగితే బొమ్మలో ఒక పూర్తి రంగుల చుట్టు వస్తుంది. అలా ఏళ్ల తరబడి బొమ్మలు పేరిస్తే ఏడాదికి మిల్లీమీటర్ల లెక్క కూడా తీస్తారు.

కాకపోతే మన డెల్టాలో ఇది చాలా కష్టం. ఈ పద్ధతికి నేల పైభాగం రెండుసార్లూ ఒకేలా ఉండాలి. వరి చేను పన్నెండు రోజుల్లో ఎంత మారిపోతుందో చూడండి. దున్నుతారు, నీళ్లు కడతారు, పైరు పెరుగుతుంది. అల దశ మొత్తం చెదిరిపోతుంది. నిలకడగా ఉండేవి డాబాలు, వంతెనలు, లాకులు. వాటి మీద కొలిచి మధ్యలో నేల సంగతి ఊహించాలి. పైగా డెల్టా మట్టి తన బరువుకి తనే అణుగుతుంది, ఎగువ ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోయి కొత్త మట్టి రావడం తగ్గింది. కుంగింది అని తేలినా, అందులో దేని వాటా ఎంత అన్నది ఇంకో పెద్ద పని. ఎవరైనా ఒక్క రంగుల బొమ్మ చూపించి ఇదిగో రుజువు అంటే అటూ నమ్మకండి, ఇటూ నమ్మకండి. ఏళ్ల బొమ్మలు, నేల మీద కొలతలు రెండూ అడగండి.

---

కాకినాడ విద్యార్థిని
గురువారం, రాత్రి 10:20

అన్నయ్య గారూ, వచ్చిందండి! మూడు రాత్రులు పట్టింది. కాలేజీ ల్యాబ్‌లో పెద్ద ఫైళ్లు దిగడానికే ఒక రాత్రి పోయింది.

నా దగ్గర రెండు బొమ్మలున్నాయి. ఒకటి తుఫానుకి తొమ్మిది రోజుల ముందు శుక్రవారంది. రెండోది తుఫాను తరవాత మూడో రోజు, బుధవారంది. రెండూ ఒకే దారిలో, ఒకే కోణంలో, తెల్లవారుజామున ఆరు గంటల ప్రాంతంలో తీసినవి. మీ పడిపోయిన మూల రెండో దాంట్లో నల్లగా, స్పష్టంగా ఉంది. మిగతా చేను మొదటి బొమ్మ కంటే రెండో బొమ్మలో బాగా తెల్లబడింది. పక్కన కొబ్బరి తోట రెండింట్లోనూ ఒకేలా ఉంది, కాబట్టి బొమ్మ మొత్తం తెల్లబడటం కాదు, చేను మాత్రమే.

ముందు నేను భయపడ్డాను, తప్పేమో అని. బొమ్మలో గడులు (పిక్సెళ్లు) చుక్కలు చుక్కలుగా ఉన్నాయి, ఒకటి తెలుపు, పక్కది నలుపు. ఉప్పు, మిరియాల పొడి కలిపి చల్లినట్టుంది.

---

అలపొడుగు
గురువారం, రాత్రి 11:08

అమ్మా, చాలా మంచి పని చేశావు. కొబ్బరి తోటతో పోల్చి చూడాలని నీకు తోచడం నాకు అన్నిటికంటే నచ్చింది.

ఆ చుక్కలు రాడార్ బొమ్మలన్నిట్లోనూ ఉంటాయి. ఒక గడిలో వందల కాడల నుంచి అలలు వచ్చి కలుస్తాయి, కొన్ని ఒకదాన్నొకటి పెంచుకుంటాయి, కొన్ని కొట్టేసుకుంటాయి. అందుకే ఒక్క గడిని నమ్మకూడదు. నువ్వు వాడిన బొమ్మలో గడి 10 మీటర్లకి 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. నిజంగా విడిగా చూడగలిగింది అంతకంటే పెద్దది, 20 మీటర్ల చొప్పున వేసుకో. ఎకరం మొత్తం సగటు తీస్తే నమ్మొచ్చు. పది సెంట్ల ముక్క ఉన్నవాడికి మాత్రం ఈ బొమ్మతో న్యాయం జరగదు. ఆ రైతు దగ్గరికి మనిషే వెళ్లాలి.

ఇంకో మాట. పైరు మరీ దట్టంగా ఉంటే సి-బ్యాండ్ అల నీళ్ల దాకా దిగదు, అప్పుడు తెల్లబడటం కూడా కనపడదు. మెరకచేను గారి చేను గాలికి ఒరిగి పలచబడటం వల్ల లోపలికి దిగి ఉంటుంది. అందుకే "తెల్లబడలేదు కాబట్టి నీళ్లు లేవు" అని ఎవరూ అనకూడదు.

---

మెరకచేను
శుక్రవారం, ఉదయం 6:12

అమ్మాయ్, మూడు రాత్రులు మేలుకుని మా చేను చూశావు. నీ మేలు మర్చిపోను. మా ఆవిడకి ఫోన్‌లో బొమ్మ చూపిస్తే మన పాకేదీ అని వెతికింది. రేకుల పాక కదా, తెల్ల చుక్కలా మెరుస్తోంది.

నా ఫోన్‌లో ఫొటోలున్నాయి. అదే బుధవారం ఉదయం 6:40కి తీసింది ఒకటి ఉంది. మా అబ్బాయి నీళ్లలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఫొటో వివరాల్లో టైమూ చోటూ రెండూ ఉన్నాయి. ఉపగ్రహం వెళ్లిన అరగంటకి అన్నమాట. ఇది పనికొస్తుందా?

---

అలపొడుగు
శుక్రవారం, ఉదయం 8:30

పనికొస్తుందా అని అడుగుతున్నారా! ఆ ఫొటో లేకపోతే మేము తెల్లబడింది, నల్లబడింది అని వాదించుకుంటూ కూర్చోవాలి. అది ఉంటే ఈ తెలుపు అంటే మోకాలి లోతు నీరు అని చెప్పొచ్చు. మీరు మళ్లీ సర్వే అడిగేటప్పుడు ఆ ఫొటో, రెండు బొమ్మలు కలిపి ఇవ్వండి.

ఆ ఉపగ్రహం పన్నెండు రోజులకి మళ్లీ అదే దారిలో వస్తుంది. అంటే వచ్చే సోమవారం తెల్లవారుజామున. అప్పటికి నీళ్లు ఇంకా ఉంటే, ఆ వేళకి చేలో నాలుగైదు చోట్ల లోతు కొలిచి రాసిపెట్టండి.

---

దాళ్వా రైతు
శుక్రవారం, మధ్యాహ్నం 3:15

అసలు ప్రశ్న ఎవరూ అడగటం లేదు. వాన ఆగి పన్నెండు రోజులు. నీళ్లు ఇంకా ఎందుకు ఉన్నాయి? మా రోజుల్లో పెద్ద వాన పడ్డా నాలుగో రోజుకి చేను తేలేది. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేసి నీళ్లు తెచ్చాడు, తిండి పెట్టాడు. వచ్చిన నీరు పోయే దారి మాత్రం మన చేతుల్లోనే పాడైంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అన్నప్పుడు నేనూ సార్వా వెయ్యలేదు. అప్పుడూ మేము మొత్తుకున్న వాటిలో ముంపు నీరు దిగకపోవడం ఒకటి. నీ ఉపగ్రహాన్ని ఆ డ్రెయిన్ మీదకి తిప్పు బాబూ.

---

మెరకచేను
సోమవారం, ఉదయం 7:25

ఇవాళ తెల్లవారుజామున అయిదున్నరకే వెళ్లాం. నేను, మా అబ్బాయి, పక్క చేల వాళ్లు ముగ్గురు. వెదురు కర్రలకి అంగుళాలు గీసి రోడ్డుకి తూర్పున అయిదు, పడమట నాలుగు పాతాం. మంచు పడుతోంది, గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆరు గంటలకి చదివిన లోతులు: తూర్పున 5, 6, 6, 4, 7 అంగుళాలు. పడమట మూడు చోట్ల తడి మట్టే, ఒక్కచోట 1 అంగుళం. ప్రతి కర్రకీ ఫొటో తీశాను. కంకులు చిదిమితే గింజ సగానికి పైగా తాలు. పడిపోయిన మూల కుళ్లు వాసన.

రోడ్డు ఒకటే, వాన ఒకటే. పడమర తేలింది, తూర్పు తేలలేదు.

---

కాకినాడ విద్యార్థిని
బుధవారం, రాత్రి 9:50

సోమవారం బొమ్మ వచ్చింది అన్నయ్య గారూ. మీ తొమ్మిది కర్రల చోట్లు అందులో పెట్టి చూశాను. పడమట నాలుగూ తుఫానుకి ముందున్న రంగుకి వచ్చేశాయి. తూర్పున నిలువు పైరున్న మూడు ఇంకా తెల్లగా ఉన్నాయి, పడిపోయిన చోట ఉన్న రెండూ నల్లగా ఉన్నాయి. తొమ్మిదికి తొమ్మిదీ కలిశాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

దాళ్వా తాతగారు చెప్పినట్టు డ్రెయిన్ కూడా చూశాను. తూర్పు చేల నీరు దిగే డ్రెయిన్ ఊరి దగ్గర సన్నటి నల్ల గీతలా ఉంది. కిందికి వెళ్లేకొద్దీ, దాదాపు కిలోమీటరు తరవాత, ఆ గీత మాయమై బూడిద రంగు చార మిగిలింది. మళ్లీ చాలా దూరం తరవాత నల్లగా మొదలైంది. మధ్యలో నీళ్లు లేవా, లేక పైన ఏదైనా ఉందా నాకు తెలీలేదు.

---

మెరకచేను
గురువారం, ఉదయం 10:05

అమ్మాయ్, నువ్వు చెప్పిన చోటికి ఇప్పుడే వెళ్లొచ్చాను. నీళ్లున్నాయి. పైన గుర్రపుడెక్క. మనిషి నడిస్తే మునగడేమో అన్నంత దట్టంగా, గట్టు నుంచి గట్టుకి. పక్కన చెరువుల గట్లు కూడా డ్రెయిన్ లోపలికి జరిగి ఉన్నాయి. ఒకప్పుడు పడవ తిరిగే వెడల్పు, ఇప్పుడు రెండు బారలు ఉందేమో.

ఇన్నేళ్లూ ఈ గట్టు మీద నుంచి ఎన్నిసార్లు వెళ్లానో. పచ్చగా ఉందనే చూశాను.

---

చెరువుగట్టు
గురువారం, మధ్యాహ్నం 12:40

చెరువుల గట్లు అన్నారు కాబట్టి మాట్లాడతాను. ఆ చెరువులు నావి కావు, మీ ఊరు నాకు తెలీదు. అయినా మా వైపు కూడా ఇదే జరిగింది, దాచను. ఒకడు మూడడుగులు జరిపాడు, పక్కవాడు నేనెందుకు ఊరుకోవాలి అని నాలుగు జరిపాడు. డ్రెయిన్ పూడితే మా చెరువు నీరు కూడా మార్చుకోలేం, జబ్బులు వస్తాయి, నష్టపోయేది మేమూను. మీ ఊరి చెరువుల వాళ్లతో పోట్లాటగా వెళ్లకండి, ఆ బొమ్మ చూపించండి. పాత బొమ్మలు ఉంటే డ్రెయిన్ ఎప్పటి నుంచి సన్నబడిందో కూడా చూపించండి. ఎవరూ మా మీద నెపం పెట్టారని అనుకోరు, కంటికి కనపడుతుంది కదా.

---

అలపొడుగు
గురువారం, సాయంత్రం 7:15

సెంటినెల్-1ఎ 2014 ఏప్రిల్‌లో వెళ్లింది, బొమ్మలు ఆ ఏడాది చివరి నుంచీ దాచి ఉన్నాయి. దానికి జంటగా 2016లో వెళ్లిన 1బి 2021 డిసెంబరులో పాడైంది, 2024 డిసెంబరులో 1సి వెళ్లింది. మధ్యలో బొమ్మలు కొంచెం తక్కువ ఉండొచ్చు గానీ ఏటా వానాకాలం తరవాతవి దొరుకుతాయి. డ్రెయిన్ వెడల్పు 20 మీటర్ల కంటే తగ్గితే ఇందులో సరిగా తేలదు. మొదట వెడల్పుగా ఉండి ఏ ఏడాది నుంచి గీత తెగడం మొదలైందో మాత్రం చూడొచ్చు. అమ్మా, ఏడాదికి ఒక్కటి చాలు, నవంబరు బొమ్మలు తీయి. ఈ ఆదివారం నేను కూడా కూర్చుంటాను.

---

మెరకచేను
ఆదివారం, రాత్రి 8:33

మళ్లీ సర్వేకి ఒప్పుకున్నారండి. శనివారం వచ్చి తూర్పు చేలన్నీ నడిచి చూశారు. రాసుకున్నారు, ఎంత వస్తుందో ఇంకా చెప్పలేదు. ఫొటోలు, బొమ్మలు అడిగి మరీ తీసుకున్నారు.

డ్రెయిన్ సంగతి పంచాయతీలో కూర్చుని మాట్లాడాం. చెరువుల వాళ్లు ఇద్దరు వచ్చారు. అమ్మాయి పంపిన నవంబరు బొమ్మలు టీవీకి పెట్టి చూపించాం, 2016 నుంచి వరసగా. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. గుర్రపుడెక్క తీయడానికి మంగళవారం నుంచి ఇంటికొక మనిషి. పూడిక మాత్రం మిషన్ వస్తే గానీ కాదు, దానికి అర్జీ పెట్టాం.

తొమ్మిది కర్రలూ పీకలేదు, అలాగే ఉంచాం. ఆ ఉపగ్రహం మళ్లీ వచ్చేది వచ్చే శనివారం తెల్లవారుజామున కదా అలపొడుగు గారూ? అయిదున్నరకి గట్టు మీద ఉంటాం. ఈసారి డ్రెయిన్‌లో కూడా రెండు కర్రలు పాతుతున్నాం, గుర్రపుడెక్క తీసిన చోట ఒకటి, తీయని చోట ఒకటి.